ఉప్పు ప్యాకెట్‌పై తేదీ రాసుకోండి: పెద్దల బీపీకి తిండిలో ఏం మార్చాలి, ఉచిత సేవలు ఎక్కడ?

బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నా అంకె దిగడం లేదని చాలామంది పెద్దవాళ్లు అంటుంటారు. డోసు చాలకపోవచ్చు, మధ్యమధ్యలో మాత్ర మానేస్తూ ఉండొచ్చు. మరో కారణం కంచంలోనే ఉండొచ్చు. మాత్ర దించిన రక్తపోటును పచ్చడి, ఎండు చేప, అప్పడం, ఊరమిరపకాయ మళ్లీ పైకి తోస్తుంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అరవై దాటినవారు, వారికి వండిపెట్టేవారు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి. తిండికి, రక్తనాళాలకు సంబంధం ఏమిటి, మన వంటలో ఉప్పు ఎక్కడుంది, ఎవరు జాగ్రత్తపడాలి, పరీక్షలు, మాత్రలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి అన్నది ఒకచోట ఇస్తున్నాం.

ముఖ్యాంశాలు

- పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అన్నింటిలో కలిపి ఒక చిన్న చెంచాడు.
- ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక సర్వేలో తేలిన సగటు వాడకం సుమారు 9.5 గ్రాములు.
- ఇందులో ఎక్కువ భాగం బయటి తిండిది కాదు, ఇంట్లో మన చేత్తో వేసిందే.
- తిండి మార్పు మాత్రకు తోడు మాత్రమే. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకూడదు.
- బీపీ పరీక్ష, సాధారణ బీపీ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

వయసు పెరిగితే రక్తనాళాల్లో ఏం జరుగుతుంది?

గుండె కొట్టుకున్న ప్రతిసారీ పెద్ద ధమనులు కొంచెం సాగి, మళ్లీ దగ్గరకు వస్తాయి. ఈ సాగే గుణమే రక్తపు ఒత్తిడిని మెత్తబరుస్తుంది. వయసుతో పాటు ధమని గోడల్లో సాగే పోగులు తగ్గి, గట్టి పోగులు పెరుగుతాయి. కొత్త రబ్బరు గొట్టానికీ, ఏళ్ల తరబడి ఎండలో పడివున్న గొట్టానికీ ఉన్నంత తేడా వస్తుంది. అందుకే 60 దాటినవారిలో బీపీ పై అంకె మాత్రమే పెరిగి, కింది అంకె మామూలుగా లేదా ఇంకా తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. 165/75 వంటి రీడింగు చూసి ‘కింది అంకె బాగానే ఉందిగా’ అని వదిలేయకూడదు. పెద్ద వయసులో పక్షవాతం, గుండెపోటు ముప్పును ఎక్కువగా చెప్పేది ఆ పై అంకే.

దీనికి ఉప్పు ఎలా తోడవుతుంది? ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో తిరిగే ద్రవం పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. వయసులో ఉన్నవారి మూత్రపిండాలు అదనపు సోడియాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి. పెద్దవారిలో ఆ శక్తి తగ్గుతుంది. కాబట్టి అదే ఆవకాయ ముద్ద మనవడికంటే తాతయ్య బీపీని ఎక్కువ కదిలిస్తుంది.

రెండో చిక్కు కొవ్వు పూత. రక్తంలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువైతే ధమని లోపలి గోడలో పేరుకుని దారిని ఇరుకు చేస్తుంది. ఎక్కువ ఒత్తిడి గోడను గాయపరుస్తుంది, ఆ గాయమైన చోటే కొవ్వు సులువుగా పడుతుంది. బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగాకు ఒకదానికొకటి తోడైతే ముప్పు కలిసి పెరుగుతుంది.

ఇది పట్టణాల జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరిట జరిగిన ఆ అధ్యయనంలో 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అంటువ్యాధుల వాటా 12 శాతమే. కృష్ణా డెల్టా పల్లెల్లోనూ అదే వరి, అవే పచ్చళ్లు.

మనం ఎంత ఉప్పు తింటున్నాం?

‘మా ఇంట్లో ఉప్పు తక్కువే’ అని అందరూ అంటారు. నాలుకకు అలవాటైన ఉప్పు ఎక్కువగా అనిపించదు కాబట్టి ఆ మాటను కొలతగా తీసుకోలేం. 24 గంటల మూత్రం సేకరించి అందులోని సోడియం లెక్కగడితే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పద్ధతిలో ఢిల్లీ-హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో చేసిన సర్వే 2017లో అచ్చయింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటు రోజుకు 9.46 గ్రాములు. ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు.

మూత్ర పరీక్ష అందరికీ కుదరదు. కానీ ఇంట్లోనే చేసుకోగల తేలికైన లెక్క ఒకటుంది. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు చూడండి.

- ఇద్దరే ఉండే ఇల్లు: రోజుకు మనిషికి 5 గ్రాముల చొప్పున కిలో ప్యాకెట్ 100 రోజులు రావాలి.
- నలుగురు ఉండే ఇల్లు: 50 రోజులు రావాలి.
- అదే నలుగురి ఇంట్లో ప్యాకెట్ 26 రోజులకే అయిపోతుంటే, మనిషికి రోజుకు 9.5 గ్రాములకు పైగా పడుతున్నట్టే.

ఇది కనీస లెక్క మాత్రమే. వేసవిలో పచ్చళ్లకు వాడిన కళ్లుప్పు, కొని తెచ్చిన అప్పడాలు, కారప్పూస, బిస్కెట్లు, హోటల్ టిఫిన్ దీనిలోకి రావు. కాబట్టి ప్యాకెట్ పైన చెప్పిన రోజులకంటే ఇంకొన్నాళ్లు ఎక్కువ రావాలి. గంజిలో, ఇడ్లీ పిండిలో, మజ్జిగలో వేసి పారబోసిన ఉప్పు కొంత ఉంటుంది నిజమే. అయినా నెలనెలా పోల్చుకోవడానికి ఈ లెక్క బాగా పనికొస్తుంది.

డెల్టా కంచంలో ఉప్పు ఎక్కడుంది?

ఆంధ్రప్రదేశ్‌లో తినే ఉప్పులో 80 శాతానికి పైగా ఇంటి వంటలో కలిపేదేనని ఆహారపు అలవాట్ల పరిశీలనలో తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైన తిండి నుంచి వస్తుంది. అక్కడి సలహా ప్యాకెట్ తిండి మానమని. మనకు సరిపడే సలహా వేరు, ఎందుకంటే ఇక్కడ గరిటె పట్టినవారి చేతిలోనే ఎక్కువ భాగం ఉంది.

*పచ్చళ్లు.* ఆవకాయ కొలతలు గుర్తుచేసుకోండి. కారం, ఆవపిండి, ఉప్పు దాదాపు సమానంగా కొలిచి పోస్తాం. గోంగూర, చింతకాయ, ఉసిరి, నిమ్మకాయ ఊరగాయలు ఏడాది నిలవుండాలంటే ఉప్పు గట్టిగా పడాల్సిందే. రెండు పూటలా పచ్చడితో మొదటి ముద్ద, పెరుగన్నంలో మళ్లీ నంజుడు అంటే రోజు లెక్కలో పెద్ద వాటా అక్కడే అయిపోతుంది.

*ఎండు చేపలు, ఎండు రొయ్యలు.* నిజాంపట్నం, సూర్యలంక తీరం ఊళ్లలో ఇవి రోజువారీ కూర. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి వండండి. ఆ కూరలో వేరే ఉప్పు వేయకండి. తాజా చేప దొరికే రోజుల్లో పెద్దలకు తాజాదే మేలు.

*అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు.* ఇవి పక్క వంటకాలే అయినా ఉప్పు లెక్కలో చిన్నవి కావు. అప్పడాల పిండిలో వేసే క్షారంలోనూ, పునుగులు, బజ్జీల్లో వేసే వంట సోడాలోనూ సోడియమే ఉంటుంది. నాలుకకు ఉప్పగా తగలకపోయినా ఒంట్లో చేసే పని అదే.

*పొడులు, మజ్జిగ.* కందిపొడి, కారప్పొడి, ఇడ్లీ కారం డబ్బాలు చేతికి అందేంత దూరంలో ఉంటాయి. మజ్జిగలో చిటికెడు ఉప్పు అలవాటు. చిటికెలన్నీ కలిపితే చెంచాడు అవుతాయి.

ప్యాకెట్ తిండి కొంటే వెనకవైపు సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు తెలుస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే 2 గ్రాముల ఉప్పు ఉన్నట్టు. వేటపాలెం జీడిపప్పు, వేరుశనగ గుళ్లు మంచి తిండే, కానీ ఉప్పు చల్లని రకం అడిగి తీసుకోండి.

ఇక్కడ పెద్దల పరిస్థితి వేరుగా చూడాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో ఇద్దరే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఓపిక లేక ఒక పూటే వండుతారు. పళ్లు ఊడి కూర నమలలేక అన్నం, పచ్చడి, మజ్జిగతో సరిపెడతారు. వయసుతో నాలుకకు రుచి తగ్గి ‘ఉప్పు సరిపోలేదు’ అంటారు. ఇలాంటివారికి ‘పచ్చడి మానేయండి’ అని చెబితే కంచంలో ఇంకేం మిగలదు. ముందు మెత్తటి కూర ఒకటి కంచంలోకి తేవాలి. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర పప్పు నమలకుండానే దిగుతాయి. ఆ తర్వాత పచ్చడి దానంతటదే తగ్గుతుంది.

తగ్గించడం ఎలా?

ఒక్కరోజులో సగం తగ్గిస్తే ఎవరూ తినరు. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. పని చేసే పద్ధతులు ఇవి:

1. ఉప్పును చేత్తో కాకుండా చెంచాతో కొలవండి. ఎన్ని చెంచాలు పడుతున్నాయో తెలిశాకే తగ్గించడం వీలవుతుంది.
2. ముద్దపప్పు, ఆవకాయ కలిపి తినే రోజు పప్పులో ఉప్పు వేయకండి. ఆవకాయలోది చాలు.
3. అన్నం వండేటప్పుడు, మజ్జిగలో, పెరుగన్నంలో ఉప్పు పూర్తిగా ఆపేయండి.
4. కూర దించాక నిమ్మరసం పిండండి. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుక అంతగా పట్టుకోదు. తెనాలి నిమ్మకాయల మార్కెట్ పక్కనే ఉన్నవారికి ఇది ఖరీదైన పని కాదు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, అల్లం, కొత్తిమీర కూడా ఇదే పని చేస్తాయి.
5. నిలవ పచ్చడి బదులు ఆ పూటకు రోటి పచ్చడి చేయండి. నిలవ ఉండక్కర్లేదు కాబట్టి ఉప్పు సగానికి తగ్గినా పాడయ్యే భయం లేదు.
6. ఉప్పు డబ్బా, పొడుల డబ్బాలు భోజనాల దగ్గర పెట్టకండి.
7. అత్తయ్యకో, మావయ్యకో వేరుగా చప్పిడి కూర వండకండి. అది ఎక్కువ రోజులు సాగదు, తినేవారికీ చిన్నతనంగా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కూరలో తగ్గించండి. నలభై దాటిన కొడుకు, కోడలికీ అది మేలే.

ఎంత తగ్గిస్తే ఎంత లాభం?

రోజుకు సగటున 4.4 గ్రాముల ఉప్పు తగ్గిస్తే, బీపీ ఉన్నవారిలో పై అంకె సుమారు 5 పాయింట్లు దిగుతుందని పలు పరిశోధనలను కలిపి చూసిన 2013 నాటి సమీక్ష చెప్పింది. మన 9.5 గ్రాములు 5కు రావాలంటే తగ్గించాల్సింది కూడా దాదాపు అంతే. 5 పాయింట్లు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ అది ఏళ్ల తరబడి, రాత్రింబవళ్లు ధమనిపై తగ్గే ఒత్తిడి.

పెద్దల మీదే ప్రత్యేకంగా చేసిన పరిశోధన కూడా ఉంది. 60 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 975 మంది బీపీ రోగులతో అమెరికాలో జరిగిన ‘టోన్’ అధ్యయన ఫలితాలు 1998లో వచ్చాయి. వైద్యుల పర్యవేక్షణలో మాత్రలు తగ్గించి చూస్తే, ఉప్పు తగ్గించినవారిలో బీపీ మళ్లీ పెరగడం, మాత్రలు మళ్లీ అవసరం కావడం, గుండె, నాళాల సమస్యలు రావడం అన్నీ కలిపి సుమారు 30 శాతం తక్కువగా కనిపించాయి. ఈ వయసులో తిండి మార్చి ఏం లాభం అనేవారికి ఇది సమాధానం. అయితే అది వైద్యులు దగ్గరుండి చూసుకున్న పని. ఇంట్లో సొంతంగా మాత్ర ఆపి చూసేది కాదు.

ఏం పెంచాలి?

ఉప్పు తగ్గించడం ఒక వైపు. కూరలు, ఆకుకూరలు, పండ్లు, పప్పులు పెంచడం రెండో వైపు. వీటిలోని పొటాషియం, ఒంట్లోని సోడియాన్ని మూత్రం ద్వారా బయటికి పంపడానికి సాయపడుతుంది, నాళాలను కొంత సడలిస్తుంది. కూరలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా ఉండే ‘డాష్’ అనే ఆహార పద్ధతిని 1997లో పరీక్షించారు. ఉప్పును అలాగే ఉంచి తిండి మాత్రమే మార్చినా, బీపీ ఉన్నవారిలో పై అంకె సగటున 11 పాయింట్లు దిగింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు కావాలి. మన ప్రాంతంలో ఇవి దూరపు వస్తువులు కావు. కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకల నుంచి అరటి వస్తుంది. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు, బచ్చలి ఊళ్లోనే దొరుకుతాయి. గోంగూర పచ్చడి నిలవ పెడితే ఉప్పు మూట అవుతుంది. అదే గోంగూర పప్పులో వేస్తే ఆకుకూర అవుతుంది.

చేప తినేవారికి కానాగంతలు, కవళ్లు వంటి నూనె ఉన్న సముద్రపు చేపలు వారానికి ఒకటి రెండుసార్లు మంచివి. వేపుడు కంటే పులుసు మేలు, ఉప్పు మాత్రం కొలిచి వేయాలి.

అన్నం, నూనె సంగతి

సాంబ మసూరి బియ్యానికి బీపీటీ 5204 అన్న పేరు బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చింది. అన్నంలో సోడియం దాదాపు ఉండదు. చిక్కు వేరేచోట ఉంది. కంచం నిండా తెల్లన్నం, చారెడు కూర ఉంటే ఆ అన్నం దిగడానికి పచ్చడో పొడో కావాల్సి వస్తుంది. అన్నం ఎంత ఎక్కువైతే ఉప్పు నంజుడు అంత ఎక్కువ. కూర పెంచి, అన్నం తగ్గిస్తే రెండూ సర్దుకుంటాయి. ఒక పూట రాగి సంకటో, జొన్న రొట్టో పెట్టుకోవచ్చు. షుగర్ కూడా ఉన్నవారికి తెల్లన్నం తగ్గించడం నాళాలకు రెట్టింపు మేలు.

నూనె రోజుకు మనిషికి 27 గ్రాముల దగ్గర ఉండాలని పోషకాహార సంస్థ లెక్క. నెలకు మనిషికి సుమారు 800 గ్రాములు, అంటే లీటరుకు కొంచెం తక్కువ. ఇద్దరుండే ఇంట్లో నెలకు మూడు లీటర్లు అవుతుంటే తగ్గించాలి. వేపుళ్లకు వాడిన నూనెను పదేపదే కాచకండి. పామాయిల్, డాల్డా, నెయ్యిలోని గట్టి కొవ్వులు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. వేడన్నంలో చెంచాడు నెయ్యికి భయపడక్కర్లేదు, కానీ బజ్జీలు, పూరీలు రోజూ తినేవి కావు.

తక్కువ సోడియం ఉప్పు: అందరికీ కాదు

దుకాణాల్లో ‘లో సోడియం’ పేరుతో దొరికే ఉప్పులో కొంత భాగం సోడియం బదులు పొటాషియం ఉంటుంది. చైనాలోని 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై ఐదేళ్లకు దగ్గరగా ఈ రకం ఉప్పును పరీక్షించారు. వారు అప్పటికే పక్షవాతం వచ్చినవారు, లేదా బీపీ ఉన్న 60 ఏళ్లు దాటినవారు. మామూలు ఉప్పు వాడినవారితో పోలిస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి.

అయినా కొందరికి ఇది ప్రమాదం. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనాలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారూ జాగ్రత్తపడాలి. పెద్దల్లో చాలామందికి కిడ్నీ బలహీనత ఉన్నా తెలియదు. అందుకే రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకుని, డాక్టరు సరేనన్నాకే ఈ ఉప్పు కొనండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్లు, అరటిపండ్ల విషయంలోనూ అడిగి తినాలి.

పెద్దలు మరిచిపోకూడని మరో మూడు

*మరీ చప్పిడి వద్దు.* ఉప్పును సున్నా చేయకూడదు. నీటి మాత్రలు వాడుతూ, ఎండాకాలంలో చెమట పోతూ, తిండి తగ్గిన పెద్దల్లో రక్తంలో సోడియం పడిపోయి మగత, తికమక, తూలడం రావచ్చు. విరేచనాలైనప్పుడు ఓఆర్ఎస్ తాగడం మానకండి.

*లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయా?* తిండి మార్చాక బీపీ దిగితే మాత్ర డోసు ఎక్కువై ఉండొచ్చు. నిలబడ్డాక కూడా బీపీ చూడమని అడగండి. ఈ వయసులో పడిపోతే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

*మోకాళ్ల నొప్పుల మాత్రలు.* మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ వంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బీపీ ఎందుకు దిగడం లేదో చెప్పేటప్పుడు ఈ మాత్రల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. బీడీ, చుట్ట, మందు గురించీ దాచకండి.

ఉచిత సేవలు ఎక్కడ?

జాతీయ అసంక్రమిక వ్యాధుల కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్ష ఉచితం.

- ఊళ్లో: విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్లండి. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ బోర్డు ఉండొచ్చు. బీపీ చూసి, రిజిస్టరులో పేరు ఎక్కించి, డాక్టరు రాసిన మాత్రలు అక్కడే ఇస్తారు. 104 వాహనం, డాక్టరు ఎప్పుడొస్తారో ఆశా కార్యకర్తను అడగండి.
- పట్టణంలో: తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఇదే పని చేస్తాయి.
- పెద్ద పరీక్షలకు: తెనాలి జిల్లా ఆసుపత్రి, బాపట్ల ఏరియా ఆసుపత్రి, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రి. క్రియాటినిన్, కొలెస్ట్రాల్, ఈసీజీ ఏడాదికోసారైనా చేయించమని అడగండి.
- ఆసుపత్రిలో చేరాల్సి వస్తే: ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హత చూడండి. 70 ఏళ్లు నిండినవారికి కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. ఇవి ఆసుపత్రి చికిత్సకే, నెలనెలా వేసుకునే మాత్రలకు కాదు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్లండి. పరీక్షకు అరగంట ముందు కాఫీ, పొగాకు వద్దు. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూపించుకోండి. మొదటిసారి రెండు చేతులకూ చూడమనండి. 140/90 లేదా అంతకు మించి వేర్వేరు రోజుల్లో వస్తే చికిత్స అవసరం. మీ వయసుకు ఎంతవరకు దించాలో డాక్టరు చెబుతారు.

మాత్రలు లేవని తిప్పి పంపితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చెప్పండి. అక్కడా కాకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాయండి. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ఏ జిల్లా కార్యాలయమో చూసుకుని వెళ్లండి. పెద్దల సమస్యలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.

వెంటనే 108కు ఫోన్ చేయాల్సినవి

మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, గుండెలో బరువు, ఆయాసం. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే పని చేస్తుంది. ‘కాసేపు పడుకుంటే తగ్గుతుంది’ అని ఆగకండి. లక్షణాలు మొదలైన సమయం రాసిపెట్టుకోండి. నోట్లో నీళ్లు, మాత్రలు వేయకండి.

తరచూ అడిగే ప్రశ్నలు

*సైంధవ లవణం, గులాబీ ఉప్పు మంచివా?*
అవీ దాదాపు అంతా సోడియం ఉప్పే. పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు.

*వెల్లుల్లి, మెంతులు తింటే మాత్ర మానొచ్చా?*
వంటలో వాడండి. మాత్రకు బదులు మాత్రం కావు.

*బీపీ నార్మల్ వచ్చింది, మాత్ర ఆపనా?*
నార్మల్ వచ్చింది మాత్ర పని చేస్తున్నందువల్లే కావచ్చు. తగ్గించాలా, ఆపాలా అన్నది నాలుగైదు రీడింగులు చూసి డాక్టరు చెప్పాలి.

*తలనొప్పి లేదు, మరి బీపీ ఎలా ఉంటుంది?*
చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కొలిస్తేనే తెలుస్తుంది.

ఈ వారం రెండు పనులు చేయండి. కొత్త ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి. ఊరి క్లినిక్‌కు వెళ్లి బీపీ చూపించుకుని, అంకెను క్యాలెండర్ మీద రాసుకోండి. నెల తర్వాత మళ్లీ చూపించుకున్నప్పుడు ఆ రెండు లెక్కలూ డాక్టరు ముందు పెట్టండి.